ఒక్కరి చాకిరీ, ఊరి చేయూత

డిమెన్షియా అనేది ఏదో ఒక జబ్బుకు పెట్టిన పేరు కాదు. మెదడులోని నాడీకణాలు క్రమంగా దెబ్బతినడం వల్ల జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టడం, రోజువారీ పనులు చేసుకోవడం వంటి శక్తులు ఒకదాని వెనుక ఒకటి సన్నగిల్లి, మనిషి ఇతరుల మీద ఆధారపడక తప్పని స్థితికి చేరినప్పుడు, ఆ లక్షణాలన్నిటినీ కలిపి వైద్యులు ఆ పేరుతో పిలుస్తారు. దానికి దారితీసే జబ్బులు అనేకం. వాటిలో అల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది. నూటికి 60 నుంచి 70 కేసులకు అదే మూలం. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది మరొకటి. వయసు పైబడినవారిలో తరచుగా ఈ రెండూ కలిసే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి ప్రపంచమంతటా 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు. భారతదేశంలో వృద్ధుల మీద జరిగిన విస్తృత సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా, 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ స్థితి ఉందని తేల్చింది. పురుషులకంటే స్త్రీలలోనూ, పట్టణాలకంటే పల్లెల్లోనూ ఇది ఎక్కువగా కనిపించింది.

మందుల విషయంలో ఆశ, నిరాశ రెండూ ఉన్నాయి. డొనెపెజిల్ వంటి పాత మందులు లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తాయే గాని కణాల క్షయాన్ని ఆపలేవు. 2023లో అమెరికాలో పూర్తిస్థాయి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే మందు తొలిదశ అల్జీమర్స్ రోగులలో క్షీణతను కొంతమేర నెమ్మదింపజేస్తుంది. అయితే దానిని మొదట్లో రెండు వారాలకొకసారి నరంలోకి ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమోనని మళ్లీమళ్లీ స్కానింగ్ చేయించాలి. ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి ఈనాటికి ఈ జబ్బుకు చికిత్స అంటే చాలావరకు సంరక్షణే. ఆ సంరక్షణ ఎవరు చేస్తున్నారన్నది లెక్కల్లోనే తెలిసిపోతుంది. 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచానికి అయిన ఖర్చు 1 లక్షా 30 వేల కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టగా, అందులో దాదాపు సగం ఇంటివాళ్లు, బంధుమిత్రులు జీతం లేకుండా చేసిన చాకిరీ విలువే. వారు రోజుకు సగటున 5 గంటలు ఆ పనిలో ఉంటున్నారు. మొత్తం సంరక్షణ గంటల్లో నూటికి 70 స్త్రీలవే.

ఇంటికి ఎంతమంది ఉన్నా ఈ పని చివరికి ఒక్కరి మీద, సాధారణంగా ఒక భార్య మీదో కోడలి మీదో కూతురి మీదో వచ్చి నిలుస్తుంది. ఇది జబ్బు స్వభావం వల్ల తప్పనిసరిగా జరిగేది కాదని, ఏర్పాటు లేకపోవడం వల్ల జరిగేదని, ఏర్పాటు ఉంటే ఆ బరువును విడగొట్టి మామూలు మనుషులు, కొద్దిపాటి శిక్షణతో, పంచుకోగలరని గడచిన నలభై ఏళ్ల పరిశోధన చూపుతోంది.

అన్నం పెట్టలేదన్న మాట

సమాజం చేయగల సాయమేమిటో చూడటానికి ముందు, సమాజం తెలియక చేస్తున్న హాని ఏమిటో చూడవలసి ఉంది. అందుకు ఈ జబ్బు జ్ఞాపకాన్ని ఏ వరుసలో తీసుకుపోతుందో తెలియాలి. మెదడులో లోతుగా, రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే చిన్న భాగం కొత్త అనుభవాలను నమోదు చేసి, అవి నిలకడైన జ్ఞాపకాలుగా మారడానికి తోడ్పడుతుంది. అల్జీమర్స్ వ్యాధి మొదట దెబ్బతీసే చోట్లలో అదొకటి. ఎప్పుడో చిన్ననాడు నమోదై స్థిరపడిన సంగతులు చాలాకాలం చెక్కుచెదరవు. పొద్దున జరిగినది మాత్రం అసలు నమోదే కాదు. అరవై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరెవరు వచ్చారో చెప్పగలిగిన మనిషికి, ఆ పూట తిన్నదీ లేనిదీ తెలియకపోవడంలో వైరుధ్యమేమీ లేదు.

తిండి విషయంలో దీనికి ప్రయోగ నిదర్శనం కూడా ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ రోజిన్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధనలో, మెదడు దెబ్బతిని కొత్త సంగతులు గుర్తుంచుకోలేకపోతున్న ఇద్దరికి మధ్యాహ్న భోజనం పెట్టి, తిన్న 10 నుంచి 30 నిమిషాల తర్వాత మళ్లీ భోజనం తెచ్చి ముందుపెట్టగా, వారు దానినీ తిన్నారు. మూడోసారి పెట్టినప్పుడు కూడా చాలాసార్లు తినడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ డిమెన్షియా రోగులు కారు, సంఖ్య కూడా చిన్నదే. అయినా ఆకలి తీరిందన్న భావనలో కడుపుతో పాటు జ్ఞాపకానికీ వాటా ఉందని ఆ ప్రయోగం స్పష్టంగా చూపింది. చెయ్యి కడుక్కుని అరగంట కాకముందే వీధి అరుగు మీద కూర్చుని, పొద్దుటినుంచీ కోడలు అన్నం పెట్టలేదని దారిన పోయేవారితో చెప్పే అత్తగారు అబద్ధమాడటం లేదు, కోడలి మీద కక్షా తీర్చుకోవడం లేదు. ఆమెకు సంబంధించినంతవరకు ఆ భోజనం జరగలేదు. పర్సు ఎక్కడో దాచి, దాచిన సంగతి మరచి, పనిమనిషో కొడుకో తీశాడని నిందించడం వెనుక ఉన్నదీ ఇదే లోపం. స్నానానికి రానని మొండికేయడం, సాయంత్రం చీకటి పడేవేళకు అశాంతి పెరిగి, ఉన్న ఇంట్లోనే ఉండి ఇంటికి పోదామని లేవడం కూడా జబ్బులో భాగాలే.

ఇరుగుపొరుగు మాత్రం దీనిని జబ్బుగా చూడరు. గోవాలోను, కేరళలోను సంరక్షకులతో మాట్లాడిన పరిశోధకులకు ఎదురైన చిత్రం ఇదే: మతిమరుపును వయసుతో వచ్చే మామూలు చాదస్తంగా జమకట్టడం, లేదా పిల్లలు సరిగా చూడకపోవడం వల్ల అలా అయిందని తీర్పు చెప్పడం. రెండో తీర్పు ముఖ్యంగా క్రూరమైనది. రాత్రంతా మేలుకుని చేసిన మనిషికి పగలు దక్కే ప్రతిఫలం చెడ్డపేరు. ఆ భయంతోనే కుటుంబాలు పెద్దవారిని నలుగురిలోకి తీసుకురావడం మానుకుంటాయి. రాకపోకలు తగ్గినకొద్దీ సాయం అడిగే దారులూ మూసుకుపోతాయి.

ఈ పరిశోధన ఎక్కువగా 10/66 అనే బృందం పేరు మీద జరిగింది. డిమెన్షియాతో ఉన్నవారిలో మూడింట రెండు వంతులు, అంటే నూటికి 66 మంది, పేద, మధ్యాదాయ దేశాలలో ఉండగా, జనసముదాయాల మీద జరిగే పరిశోధనలో నూటికి 10 వంతులు కూడా ఆ దేశాలలో జరగడం లేదన్న వాస్తవాన్ని ఆ పేరులోనే ఉంచారు. 1998లో కొచ్చిలో జరిగిన అంతర్జాతీయ సమావేశం నుంచి పుట్టిన ఈ బృందం అనేక దేశాలలో జరిపిన తొలి అధ్యయనాలు, ఉమ్మడి కుటుంబాలున్న దేశాలలో కూడా సంరక్షకుల మీద ఒత్తిడి సంపన్న దేశాలలోని ఒత్తిడికి తక్కువేమీ కాదని చూపాయి. మన దేశంలో పెద్దవాళ్లను చూసుకోవడానికి కుటుంబం ఉంది గదా, పాశ్చాత్యులకు మాత్రమే ఇది సమస్య అనే ధీమాకు ఆధారం లేదు. పదిమంది ఉన్న ఇంట్లో కూడా స్నానం చేయించే మనిషి ఒక్కరే అయితే, మిగిలిన తొమ్మిదిమంది కేవలం సలహాదారులు.

దీనికి ఈ మధ్య మరో చిక్కు తోడైంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడే తెలుగు కుటుంబాలలో, ఊళ్లో ఉన్నవారి మాట నమ్మడం కష్టమవుతుంది. డిమెన్షియా తొలి, మధ్య దశలలో మర్యాద మాటలు, పలకరింపులు, అలవాటైన హాస్యం చాలావరకు నిలిచే ఉంటాయి. పది నిమిషాల సంభాషణను చక్కగా నడిపించగల మనిషి, ఫోను పెట్టేసిన మరుక్షణం ఎవరితో మాట్లాడిందీ చెప్పలేకపోవచ్చు. నాన్నగారు బాగానే ఉన్నారు, వదినే ఎక్కువ చేసి చెబుతోందన్న అనుమానం అక్కడ మొదలవుతుంది. దూరాన ఉన్నవారు చేయగల మొదటి సాయం, పక్కన ఉన్న మనిషి చెప్పేదానిని సాక్ష్యంగా స్వీకరించడం.

సంరక్షకుల ఒంట్లో జరిగేది

సంరక్షణ భారం మనసుకు సంబంధించినది మాత్రమేనని, ఓర్పు ఉంటే గట్టెక్కవచ్చునని అనుకునేవారికి అమెరికాలో 1995లో వెలువడిన ఒక చిన్న ప్రయోగం సమాధానం చెబుతుంది. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం, డిమెన్షియా ఉన్న బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అదే వయసు, అదే ఆర్థిక స్థాయి కలిగి అటువంటి బాధ్యత లేని మరో 13 మందిని ఎంచుకుని, వారి అనుమతితో ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పున చర్మం తీసి, ఆ గాయం ఎన్నాళ్లకు మానుతుందో గమనించింది. బాధ్యత లేనివారికి సగటున 39 రోజులు పట్టగా, సంరక్షకులకు 48 రోజులకు పైగా పట్టింది. దీర్ఘకాలిక ఒత్తిడి రోగనిరోధక వ్యవస్థ పనితీరును మార్చివేస్తుందని, గాయం మాన్పడంలో తొలి అడుగులు వేసే రసాయన సంకేతాలు వీరి రక్తకణాలలో తగ్గాయని ఆ బృందం తేల్చింది. భార్యకో భర్తకో సేవ చేస్తూ, ఆ పనిలో తీవ్రమైన ఒత్తిడి అనుభవిస్తున్న వృద్ధులు నాలుగేళ్లలో చనిపోయే ప్రమాదం, అటువంటి పని లేనివారితో పోలిస్తే నూటికి 63 వంతులు ఎక్కువని 1999లో మరో అధ్యయనం చెప్పింది. అందులోనే, సేవ చేస్తున్నా ఒత్తిడి అనుభవించనివారిలో ఈ ప్రమాదం కనబడలేదు. కనుక హాని చేస్తున్నది సేవ కాదు, తోడులేని సేవ.

తోడు దొరికితే ఏమవుతుందన్న ప్రశ్నకు అత్యంత ఓపికగా వెతికిన జవాబు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిటెల్మన్ నడిపిన అధ్యయనం. 1987లో మొదలై చాలా ఏళ్లు సాగిన ఈ పరిశోధనలో, అల్జీమర్స్ ఉన్న భాగస్వామిని ఇంట్లో చూసుకుంటున్న 406 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మామూలుగా అందే సేవలే ఉంచి, రెండో జట్టులోని ప్రతివారికీ ఆరు విడతల కౌన్సెలింగ్ ఏర్పాటు చేశారు. ఆ ఆరింటిలో రెండు మాత్రమే సంరక్షకులతో ఒంటరిగా జరిగినవి. నాలుగింటిలో అన్నదమ్ములు, పిల్లలు, ఇతర బంధువులు కూర్చోవలసి వచ్చింది, కాని జబ్బుపడిన మనిషి ఆ కూటమిలో ఉండరు. ఆ తర్వాత వారు సంరక్షకుల సహాయక బృందంలో చేరాలి, అవసరమైనప్పుడల్లా ఫోను చేసి సలహా అడగవచ్చు. ఈ పాటి ఏర్పాటుతో, రోగిని నర్సింగ్ హోముకు పంపవలసివచ్చే రోజు మధ్యస్థ విలువ ప్రకారం 557 రోజులు, అంటే ఏడాదిన్నర పైగా వెనక్కు జరిగింది. మెదడులోని జబ్బు మాత్రం దాని దారిన అది సాగుతూనే ఉంది. మారినది సంరక్షకుల కుంగుబాటు, రోగి ప్రవర్తనను వారు తీసుకునే తీరు, చుట్టూ ఉన్నవారి సాయం పట్ల వారికి కలిగిన తృప్తి. కొత్త మందు ఏదైనా ఇంత వాయిదా సాధించి ఉంటే దాని పేరు ఇప్పటికి ఇంటింటా తెలిసి ఉండేది.

బంధువులను ఒకచోట కూర్చోబెట్టడంలోనే ఈ ప్రయోగపు అసలు రహస్యం ఉన్నట్టు తోస్తుంది. ఆదివారం పూట నేనుంటాను అనే మాట పదిమంది ఎదుట అన్నప్పుడు దానికొక కట్టుబాటు ఏర్పడుతుంది.

ఇంటికి వచ్చే సలహాదారు

న్యూయార్కులో శిక్షణ పొందిన కౌన్సెలర్లు చేసినది, మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కించదగినంత తక్కువగా ఉండే జిల్లాలలో ఎవరు చేయాలి? ఈ ప్రశ్నకు భారతదేశంలోనే ఒక సమాధానం తయారైంది. గోవాలోని తిస్వాడి, బార్దేజ్ తాలూకాలలో అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ తదితరులు నిర్వహించి 2008లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగంలో, డిమెన్షియా ఉన్నవారి కుటుంబాలు 81 పాల్గొన్నాయి. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా విభజించి, 41 కుటుంబాలకు వెంటనే సాయం మొదలుపెట్టి, మిగిలిన 40 కుటుంబాలకు ఆరు నెలల తర్వాత అందించారు. సాయం చేసినవారు డాక్టర్లు కారు, నర్సులు కారు. ఇంటర్మీడియట్ స్థాయి చదువు, కొంకణి బాగా మాట్లాడగలగడం, ఇటువంటి పని పట్ల ఆసక్తి, ఇవే అర్హతలుగా ఎంపికైన స్థానికులు. వారికి వారం రోజుల శిక్షణ ఇచ్చి, గృహ సంరక్షణ సలహాదారులని పేరు పెట్టారు. వెనుక ఒక కౌన్సెలరు, ఒక మానసిక వైద్యుడు పర్యవేక్షకులుగా ఉండేవారు.

ఆ సలహాదారు కనీసం పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవారు. వచ్చి చేసినదంతా చూస్తే, విడివిడిగా ఏదీ గొప్ప విద్య అనిపించదు: ఇది వయసు చాదస్తం కాదు, జబ్బు అని ఇంటిల్లిపాదికీ చెప్పడం, స్నానం, భోజనం, మలమూత్రాల వేళల్లో ఎదురయ్యే చిక్కులను ఎలా దాటాలో ఇంటివారితో కలిసి ఆలోచించడం, కోపం, అనుమానం, రాత్రి నిద్రలేమి మరీ తీవ్రమైతే వైద్యుని దగ్గరకు పంపడం, ఇటువంటి మరో కుటుంబంతో పరిచయం కలిగించడం, వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే పథకాల సంగతి చెప్పడం. ఆరు నెలల తర్వాత కొలిచినప్పుడు ఈ కుటుంబాలలోని సంరక్షకుల మానసిక ఆరోగ్యం గణనీయంగా మెరుగుపడింది, రోగి ప్రవర్తన వల్ల వారికి కలిగే బాధ తగ్గింది. రోగి దైనందిన సామర్థ్యంలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు; జబ్బును ఆపుతామని ఆ ప్రయోగం మాటివ్వనూ లేదు. ఐదేళ్ల తర్వాత 2013లో బ్రిటన్‌లో 260 మంది సంరక్షకులతో జరిగిన మరో ప్రయోగంలో కూడా, వైద్య శిక్షణ లేని మనస్తత్వ శాస్త్ర పట్టభద్రులు ఎనిమిది విడతలుగా నేర్పిన ఉపాయాలతో సంరక్షకుల కుంగుబాటు తగ్గింది. సంపన్న దేశం ఆలస్యంగా చేరుకున్న నిర్ణయానికి గోవా ముందే చేరుకుందన్నమాట.

సంరక్షకుల బృందాల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1997లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో బేర్ మీసెన్ అనే మనస్తత్వవేత్త ఆరంభించిన అల్జీమర్ కెఫేలలో రోగులు, కుటుంబీకులు, వైద్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. మన దేశంలో 1992లో డాక్టర్ జేకబ్ రాయ్ కురియకోస్ చొరవతో కేరళలో ప్రారంభమైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఈ తరహా కృషికి ఆద్యురాలు. దానికి హైదరాబాదులోనూ శాఖ ఉంది.

ఓముతా వీధుల్లో

ఇంటి గడప దాటిన తర్వాత సంగతి వేరు. దారి తప్పడం డిమెన్షియాలో అతి సాధారణం. జపాన్‌లో 2022లో డిమెన్షియా ఉన్నవారు తప్పిపోయినట్టు పోలీసులకు అందిన ఫిర్యాదులు 18 వేలు దాటాయి. ఆ దేశపు క్యూషూ ద్వీపంలో, ఫుకుఓకా రాష్ట్రంలో ఉన్న ఓముతా ఒకనాటి బొగ్గు పట్టణం. అక్కడి మిఇకే గని 1997లో మూతపడిన తర్వాత పనికోసం యువకులు వలసపోగా, ఇప్పుడు జనాభాలో మూడోవంతుకు పైగా 65 ఏళ్లు దాటినవారే. చేయడానికి మనుషులు తక్కువ, చేయించుకోవలసినవారు ఎక్కువ అయిన ఈ పట్టణం 2004లో ఒక పేటతో మొదలుపెట్టి, దారి తప్పినవారిని వెదికే కసరత్తును తర్వాత ఊరంతటికీ విస్తరించింది. నిర్ణయించిన రోజున ఒక స్వచ్ఛంద కార్యకర్త దారి తప్పిన వృద్ధుడి పాత్ర ధరించి వీధుల్లో తిరుగుతూ ఉంటే, పోలీసులు, దుకాణదారులు, టాక్సీ డ్రైవర్లు, బడిపిల్లలు, ఇరుగుపొరుగు వారికి ఆనవాళ్లతో సమాచారం వెళుతుంది. కనబడిన మనిషిని పలకరించి, కబుర్లలో పెట్టి, సంబంధీకులకు చేరవేయడం వారి పని. చాలామందికి కష్టమయ్యేది ఆ పలకరింపే. ముక్కూమొహం తెలియని వృద్ధుణ్ణి మొదట ఏమని పలకరించాలో సాధన చేస్తేగాని రాదు. ఆ పట్టణంలో బడిపిల్లలకు కూడా బొమ్మల పుస్తకం సాయంతో ఈ జబ్బును గురించి పాఠం చెబుతారు. వృద్ధులను ఇంట్లో పెట్టి తాళం వేయడం వారి లక్ష్యం కాదు. బయటికి వెళ్లినా క్షేమంగా తిరిగి రాగల ఊరు కావాలన్నది లక్ష్యం.

జపాన్ ప్రభుత్వం 2005లో దేశమంతటా ప్రారంభించిన డిమెన్షియా సహాయకుల శిక్షణ దీనికి తోడైంది. గంటన్నర పాఠం విని సహాయకులైనవారు ఇప్పటికి 1 కోటి 40 లక్షలు దాటారు; చాలాకాలం వారికి గుర్తుగా నారింజరంగు కడియం ఇచ్చేవారు. బ్యాంకు గుమాస్తాలు, కిరాణా సిబ్బంది, విద్యార్థులు వారిలో ఉన్నారు. వారికి నేర్పే సూత్రాలు మూడు: బెదరగొట్టవద్దు, తొందరపెట్టవద్దు, అభిమానం దెబ్బతీయవద్దు. ఇవి కేవలం మర్యాద సూత్రాలు కావు. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు విషాద, సంతోష దృశ్యాలున్న సినిమా ముక్కలు చూపగా, చూసిన దృశ్యాలు కొద్ది నిమిషాలలోనే మరచిపోయినా, అవి కలిగించిన దుఃఖం, సంతోషం వారిలో చాలాసేపు నిలిచి ఉన్నాయి. బ్యాంకులో కసురుకున్న గుమాస్తాను ఆ వృద్ధురాలు మరచిపోతుంది. కసురు మిగిల్చిన కలత ఆమెతో ఇంటికి వస్తుంది, ఆ సాయంత్రం దానిని భరించేది ఇంట్లోని మనిషి.

ఈ కార్యక్రమాన్ని సంఖ్యతో మాత్రమే అంచనా వేయడం సరికాదు. కడియం ధరించిన కోటిమందిలో ఎందరు నిజంగా ఒక కుటుంబానికి అక్కరకు వచ్చారన్న ప్రశ్న జపాన్‌లోనే తలెత్తింది. అందుకే 2019 తర్వాత, శిక్షణ పొందినవారిని చిన్న జట్లుగా కూర్చి, నిర్దిష్టమైన ఇళ్లతో జతచేసే ఏర్పాటు మొదలైంది. బ్రిటన్ 2013లో ఇదే నమూనాను తీసుకుని డిమెన్షియా స్నేహితులనే పథకం నడిపింది.

సమాజం ఎంతవరకు బాధ్యత పంచుకోవాలన్న విషయం చివరికి న్యాయస్థానం మెట్లెక్కింది. 2007 డిసెంబరులో ఐచీ రాష్ట్రంలోని ఓబు పట్టణంలో, డిమెన్షియా ఉన్న 91 ఏళ్ల వృద్ధుడు, 85 ఏళ్ల భార్య కునుకు తీసిన కొద్దిసేపట్లో బయటికి వెళ్లి, రైలు కిందపడి మరణించాడు. రైళ్ల రాకపోకలకు అంతరాయం కలిగినందుకు రైల్వే కంపెనీ ఆ కుటుంబం మీద సుమారు 72 లక్షల యెన్‌లకు దావా వేసింది. 2013లో కింది కోర్టు భార్య, పెద్దకొడుకు ఆ మొత్తం చెల్లించాలని తీర్పు చెప్పగా దేశం నిర్ఘాంతపోయింది. 2016 మార్చి 1న సుప్రీంకోర్టు రైల్వే కంపెనీ దావాను కొట్టివేసి, వారి పరిస్థితులను బట్టి వారిని బాధ్యులను చేయడం కుదరదని నిర్ణయించింది. ఆ తర్వాత కొన్ని నగరపాలక సంస్థలు ఇటువంటి నష్టాలకు తామే బీమా చేయించడం ప్రారంభించాయి. 2023 జూన్‌లో డిమెన్షియా మీద ప్రత్యేక చట్టం ఆమోదం పొంది, 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అది ఈ జబ్బుతో ఉన్నవారిని సమాజంలో భాగస్వాములుగా గుర్తిస్తుంది.

తెలుగు నేల మీద

జపాన్ ఏర్పాట్లను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడికి తేవడం సాధ్యం కాదు. అక్కడ 2000 నుంచి వృద్ధుల సంరక్షణకు నిర్బంధ బీమా ఉంది, ఇక్కడ లేదు. అయితే మొదటి మెట్టయిన రోగనిర్ధారణలో తెలుగునాట జరిగిన కృషి తక్కువది కాదు. పాశ్చాత్య దేశాలలో తయారైన జ్ఞాపక పరీక్షలు చదవడం, రాయడం, బొమ్మ గీయడం మీద ఆధారపడినవి; బడి మొహం చూడని పెద్దావిడ వాటిలో తప్పితే, అది జబ్బువల్లనో చదువు లేకపోవడం వల్లనో తేలదు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వంలో ఇటువంటి పరీక్షలను తెలుగుకు అనువుగా మలిచారు. ఆ కృషికి కొనసాగింపుగా అటువంటి ఒక ప్రధాన పరీక్ష 2020 నాటికి తెలుగు, ఉర్దూ సహా ఏడు భాషల్లో సిద్ధమైంది. అదే సంస్థలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు, నిరక్షరాస్యులలో కూడా ఆ తేడా ఉన్నట్టు కనబడింది. అది ఆసుపత్రికి వచ్చినవారి మీద జరిగిన పరిశీలన కాబట్టి కార్యకారణ సంబంధం రుజువైందనలేము; అయినా హైదరాబాదు వంటి బహుభాషా నగరం తప్ప ఆ ప్రశ్నను అంత చక్కగా అడగగల చోటు అరుదు.

రోగనిర్ధారణకు మరో ప్రయోజనం ఉంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, తీవ్రమైన కుంగుబాటు, తలకు దెబ్బ తగిలాక లోపల రక్తం గూడుకట్టడం, కొన్ని మందుల దుష్ప్రభావం కూడా అచ్చం డిమెన్షియాలా కనబడతాయి, వీటిలో చాలావరకు చికిత్సకు లొంగుతాయి. పెద్దతనమని వదిలేసిన మతిమరుపులో నయమయ్యేది కూడా ఉండవచ్చునన్న ఒక్క కారణానికైనా ఒకసారి వైద్యునికి చూపించడం అవసరం.

ఆ తర్వాతి మెట్టుకు మనుషులు లేకపోలేదు. గోవా సలహాదారుకు కావలసిన అర్హతల్లో చాలావరకు పల్లెలోని ఆశా కార్యకర్తకు, డ్వాక్రా సంఘం నాయకురాలికి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో పింఛను ఇంటివద్దనే అందజేస్తున్నారు; అంటే లక్షలాది వృద్ధుల ముఖం నెలకొకసారి చూసే ఉద్యోగి ఉన్నాడు. వేలిముద్ర తీసుకునే ఆ రెండు నిమిషాలలో, పోయిన నెలకూ ఈ నెలకూ ఆ మనిషిలో వచ్చిన తేడాను గమనించడం, ఇంట్లో చూసుకుంటున్నది ఎవరో, వారికి నిద్ర పడుతున్నదో లేదో ఒక్కమాట అడగడం నేర్పితే, అది గోవా ప్రయోగానికి మొదటి అధ్యాయం కాగలదు. కానీ ఆ ఉద్యోగి అడిగిన తర్వాత పంపడానికి ఒక చోటు, తిరిగి వచ్చి చెప్పడానికి ఒక పర్యవేక్షకుడు ఉండాలి. గోవాలో ఫలితమిచ్చినది వారం రోజుల శిక్షణ ఒక్కటే కాదు, దాని వెనుక నిలిచిన కౌన్సెలరూ వైద్యుడూ కూడా. ఆశా కార్యకర్తల నెత్తిన జీతం పెంచకుండా మరో పని మోపి, దానికి సామాజిక మద్దతు అని పేరు పెడితే, ఒక స్త్రీ చాకిరీని ఇంకొక స్త్రీకి బదిలీ చేసినట్టు అవుతుంది, అంతే. రోగులను పగటిపూట ఉంచుకుని సాయంత్రం ఇంటికి పంపే సంరక్షణ కేంద్రాలు ఇప్పటికీ ఎక్కువగా పెద్ద నగరాలకే పరిమితం. మండలానికి ఒకటి ఏర్పాటు చేయడానికి వాడకంలో లేని ప్రభుత్వ భవనం, ఇద్దరు శిక్షితులైన ఆయాలు, ఒక వాహనం ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఇంట్లో ఇటువంటి మనిషిని చూసుకుంటున్న పాఠకులు ఈలోగా ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. వృద్ధులకు సంబంధించిన సలహా, ఫిర్యాదు, సహాయం కోసం దేశమంతటా పనిచేసే ఎల్డర్‌లైన్ సంఖ్య 14567; ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. సంరక్షకులు తమ మనసులోని బరువు చెప్పుకోవడానికి టెలీ మానస్ సంఖ్య 14416 రాత్రింబగళ్లూ అందుబాటులో ఉంటుంది, అందులో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.